సమాధానంతో తీరని సందేహం



ప్రవచనం ముగిసి మంగళహారతి అయిన తరువాత కొందరు భక్తులు మండపంలోనే ఆగి తమ ధర్మసందేహాలను అడగడం అన్ని క్షేత్రాలలోనూ ఉన్న ఆచారమే. దశమీశేషం ఉన్న ఏకాదశినాడు ఉపవాసం చేయవచ్చునా, పురుడు వచ్చిన ఇంట నిత్యదీపం మాటేమిటి, ఆబ్దికం గ్రహణం నాడు వస్తే ఏమి చేయాలి, ఇటువంటివి. వీటికి ధర్మసింధువు, నిర్ణయసింధువు వంటి గ్రంథాలలో నిర్ణయాలు ఉన్నవి. చెప్పినది విని, మరొకసారి రూఢి చేసుకొని, వారు తృప్తితో వెళ్ళిపోతారు. సందేహం సమాధానంతో తీరుతుంది.

మరొక రకం ప్రశ్న ఉన్నది. చూడడానికి అదీ ధర్మసందేహం వలెనే ఉంటుంది. “వ్రతం మధ్యలో దీపం కొండెక్కింది, దోషమా?” అని అడుగుతారు. దోషం లేదు, మరల వెలిగించుకోవచ్చునని చెబితే ముఖం తేటపడుతుంది. మరునాడు ఫోను వస్తుంది: “మరల వెలిగించినప్పుడు పాత వత్తినే వాడాను, పరవాలేదా?” ఆ మరునాడు మరొకటి: “మీకు వివరాలన్నీ సరిగా చెప్పలేదేమో అనిపిస్తున్నది.” వారం తిరిగేలోగా అదే ప్రశ్న మరి ముగ్గురు పండితులను కూడా అడిగి ఉంటారు. ప్రతి సమాధానమూ ఒక గంటసేపు ఉపశమనం ఇస్తుంది. గంట గడిచాక ప్రశ్న తిరిగి వస్తుంది, మునుపటికంటె కొంత బలం పుంజుకొని వస్తుంది. నలభై సంవత్సరాలకు పైగా ఇటువంటి ప్రశ్నలు వింటున్నవాడిగా నా అభిప్రాయం చెబుతున్నాను. నాలుగుసార్లు సమాధానం పొంది కూడా తీరని ప్రశ్న ధర్మసందేహపు వేషం వేసుకున్న భయం. దానికి పంచాంగంలోనూ నిబంధగ్రంథాలలోనూ జవాబు వెదకడం కాలహరణం. దానికి వైద్యం ఉన్నది. ఈనాడు కౌన్సెలింగ్ అని పిలుస్తున్నది ఆ వైద్యంలో ఒక భాగం.

ఒక తల్లి సంగతి చెబుతాను. చెప్పడానికి ఆమె అనుమతించారు. ఊరు, పేరు మాత్రం చెప్పను. భర్త గతించిన సంవత్సరానికి, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు వచ్చి ఆబ్దికం యథావిధిగా పెట్టాడు. పిండప్రదానం జరుగుతుండగా అతని వేలి పవిత్రం జారి క్రింద పడింది. అతడు దానిని తీసి మరల ధరించాడు; పురోహితులు కార్యక్రమం కొనసాగించారు. కుమారుడు తిరిగి వెళ్ళిన పది రోజులకు ఆమె నన్ను అడిగారు: “శాస్త్రిగారూ, పవిత్రం జారిపడితే పితృదేవతలకు కోపం వస్తుందా? మా అబ్బాయికి ఏమైనా అవుతుందా?” ఏమీ కాదమ్మా, తిరిగి ధరించి కర్మ పూర్తి చేశాడు, చివర అచ్యుతానంతగోవింద నామాలు చెప్పారు, లోపమేదైనా ఉంటే అంతటితో తీరిపోయింది అన్నాను. రెండవసారి అడిగారు. మూడవసారి అడిగినప్పుడు ఆమె కుమార్తెను పిలిచి, ఇది నా దగ్గర తేలే విషయం కాదు, వైద్యునికి చూపించండి అని చెప్పాను.

అప్పటికే ఆ ఇంటి పరిస్థితి విషమించి ఉన్నది. ఆమె రోజుకు ఐదారుసార్లు కుమారునికి ఫోను చేస్తున్నారు. అక్కడ అర్ధరాత్రి కావచ్చు, అతడు కార్యాలయంలో ఉండవచ్చు. ఎత్తకపోతే కారు ప్రమాదమే కళ్ళముందు కనిపిస్తున్నది. రాత్రి రెండు గంటల నిద్ర, అన్నం సయించకపోవడం, గుండె దడ. గుండె వైద్యులు ఈసీజీ, ఎకో తీయించి గుండె బాగున్నదన్నారు. థైరాయిడ్ పరీక్ష కూడా సరిగానే వచ్చింది. మానసిక వైద్యునికి చూపించమని చీటీ వ్రాసి ఇచ్చారు. ఆ చీటీ చూసి ఇంటిలో గొడవ. మన వంశంలో పిచ్చివాళ్ళు ఎవరున్నారని ఆమె అన్నగారు. ఇంతలో ఎవరో ఒకాయన ఇది పితృదోషమని, శాంతి చేయించాలని పెద్ద మొత్తం చెప్పాడు. ఆ హోమమూ జరిగింది. జరిగిన నాలుగవనాడు ఆమె అడిగిన ప్రశ్న ఇది: “సంకల్పంలో మా గోత్రం సరిగానే చెప్పారంటారా?”

ఈ వ్యాధి నడిచే తీరు అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నది. పరిహారం చేస్తే ఆ పరిహారమే తరువాతి భయానికి ఆధారమవుతుంది.

మన పెద్దలకు ఇది తెలియని విషయం కాదు. తెలుగులో చింత అంటే దిగులు. అమరకోశంలో మాత్రం చింతకు స్మృతి, ఆధ్యానం అన్నవి పర్యాయపదాలు. అనగా తలచుకోవడం, ధ్యానించడం. భగవంతుని తలచుకునే శక్తే, అదుపు తప్పి రాని ఆపదను తలచుకుంటూ కూర్చుంటే, తెలుగువారి చింత అయినది. ఉద్వేగమనే మాట ఇంకా విశేషమైనది. దాని మూలధాతువుకు పాణినీయ ధాతుపాఠం భయమనీ, చలనమనీ రెండు అర్థాలు చెప్పింది. భయమూ వణుకూ ఒకే ధాతువులో ఉన్నవి. మనస్సుకు వచ్చినది శరీరానికి రాకుండా ఉండదని ఆ మాటను ఏర్పరచినవారికి తెలుసు. యోగసూత్రాలలో పతంజలి మహర్షి చిత్తవిక్షేపానికి తోడుగా వచ్చే వాటిని చెబుతూ దుఃఖం, దౌర్మనస్యం, అవయవాలు వణకడం, శ్వాస గతి తప్పడం అని వరుసగా పేర్కొన్నారు. నేటి వైద్యుడు రోగిని అడిగే ప్రశ్నలు దాదాపు అవే.

భగవద్గీత మొదటి అధ్యాయం అందరమూ పారాయణ చేస్తాము. అర్జునుడు అక్కడ తన స్థితిని తానే చెప్పుకున్నాడు. అవయవాలు పట్టు తప్పుతున్నవి, నోరు ఎండుతున్నది, ఒళ్ళు వణుకుతున్నది, చర్మం మండుతున్నది, గాండీవం చేతినుండి జారుతున్నది, నిలబడలేకపోతున్నాను, మనస్సు గిరగిర తిరుగుతున్నది అన్నాడు. పిరికితనం ఎరుగని వీరుడు అన్న మాటలివి. నేటికీ ఆసుపత్రి అత్యవసర విభాగాలకు గుండెపోటనుకొని వచ్చేవారిలో కొందరు చెప్పేది ఇదే. పరీక్షలలో గుండెకు ఏమీ లేదని తేలుతుంది. దానిని పానిక్ ఎటాక్ అంటారు. కొద్ది నిమిషాలలో పతాకస్థాయికి చేరి, తరువాత తనంతట తాను దిగిపోతుంది. ఆ కొద్ది నిమిషాలలో మాత్రం ప్రాణం పోతున్నదనే అనిపిస్తుంది. దర్శనానికి వచ్చి, మూసిన కంపార్ట్‌మెంటులో కూర్చోలేక, చెమటలు పట్టి బయటకు వచ్చేసినవారిని నేను చూశాను. స్వామి తమను రానీయలేదని ఏళ్ళ తరబడి కుమిలిపోయేవారు వారిలో ఉన్నారు. స్వామి ఎవరినీ వెళ్ళగొట్టలేదు. గుంపులోను, మూసిన గదిలోను కలిగే భయం అది. దానికి చికిత్స చేయించుకొని మరల రావచ్చు.

శరీరంలో జరిగేది ఇది. పాము ఎదురుపడితే మెదడు క్షణంలో హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు అడ్రినలిన్ అనే ద్రవ్యాన్ని విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వడివడిగా ఆడుతుంది, పరుగెత్తడానికి కాళ్ళకు నెత్తురు చేరుతుంది. ఆ సమయంలో అక్కరలేదు కనుక జీర్ణక్రియ మందగించి నోరు ఎండుతుంది. ఇది ప్రాణరక్షణకు భగవంతుడు చేసిన ఏర్పాటు. పాము లేనిచోట ఈ ఏర్పాటు మాటిమాటికీ మేలుకోవడం ఆందోళన వ్యాధి. రజ్జుసర్ప దృష్టాంతాన్ని వేదాంతులు జగన్మిథ్యాత్వం చెప్పడానికి వాడారు. దానిలోని మరొక విశేషం ఇక్కడ పనికివస్తుంది. త్రాడు మీద కనిపించిన పాము అబద్ధమే కావచ్చు, చూసినవాని గుండెదడ అబద్ధం కాదు. “అదంతా నీ భ్రమ” అనే మాట రోగికి ఎందుకు సాయపడదో దీనితో తెలుస్తుంది. పాము లేదని అతనికి కూడా సగం తెలుసు. వణుకు ఆగడం లేదు, అంతే.

పెళ్ళి కుదిరిన ఇంట, పరీక్ష వ్రాయబోయే పిల్లలకు, అప్పు ఉన్నవారికి కొంత కలవరం సహజం. పని తీరగానే పోతుంది. ఆరు నెలలపాటు, చాలా రోజులలో, ఒక విషయం కాకపోతే మరొక విషయమై ఆపుకోలేని కలత ఉంటూ, దానితో నిద్ర, ఆకలి, పని చెడుతూ ఉంటే దానిని వైద్యులు వ్యాధిగా పరిగణిస్తారు. అయితే అది ఆందోళనే అని ఇంటిలోవారు నిశ్చయించరాదు. ఛాతీలో నొప్పి వస్తే మొదట గుండెను చూపించాలి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తంలో చక్కెర పడిపోయినా ఇదే దడ, ఇదే వణుకు వస్తాయి. అవి లేవని తేలిన తరువాతనే మనస్సు మాట.

ఆయుర్వేదం ఈ విషయంలో ఎంత స్పష్టంగా ఉన్నదో చెప్పక తప్పదు. చరకసంహిత సూత్రస్థానంలో పదకొండవ అధ్యాయం చికిత్సను మూడు విధాలుగా విభజించింది. మంత్రం, మణి, హోమం, ఉపవాసం, తీర్థయాత్ర వంటివి దైవవ్యపాశ్రయం. ఆహారమూ ఔషధమూ యుక్తితో ప్రయోగించడం యుక్తివ్యపాశ్రయం. మూడవది సత్త్వావజయం, అనగా అహితమైన విషయాలనుండి మనస్సును మరలించి నిగ్రహించడం. ఒకటి చేస్తే రెండవది చేయరాదని చరకుడు ఎక్కడా అనలేదు. మనస్సుకు వచ్చిన దోషాలకు జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి ఉపశమనమని ఆ గ్రంథమే మొదటి అధ్యాయంలో చెప్పింది. మనవారు చాలామంది మొదటిదానిని పట్టుకొని, రెండవదానిని అనుమానించి, మూడవది ఉన్నదనే మరచిపోయారు. మానసిక వైద్యం పాశ్చాత్యుల సరకు, మనకు అక్కరలేదు అనేవారు సత్త్వావజయమనే మాట ఒకసారి చదవాలి. నేటి కౌన్సెలింగ్ పద్ధతులు చరకంలోనివే అని నేను అనడం లేదు; అటువంటి గొప్పలు నాకు రుచించవు. మాటతో, అభ్యాసంతో మనస్సుకు చికిత్స చేయడమనే మార్గం మన శాస్త్రానికి అంగీకారమే అని మాత్రం నిశ్చయంగా చెబుతాను.

కౌన్సెలింగ్ అనగానే మన ఇళ్ళలో ఇంజనీరింగ్ సీట్లు పంచే కౌన్సెలింగ్ గుర్తుకు వస్తుంది. లేదా పోలీసు ఠాణాలో భార్యాభర్తలను కూర్చోబెట్టి చెప్పే హితవు. ఇది ఆ రెండూ కాదు. వారానికి ఒకసారి, ముప్పావుగంటో గంటో, తలుపు వేసిన గదిలో, శిక్షణ పొందిన ఒకరి ఎదుట కూర్చొని మాట్లాడడం. మొదటి దినం వారు ఎక్కువగా వింటారు. ఎప్పటినుండి, ఏ వేళలో, ఏ తలపుతో మొదలవుతుంది, అప్పుడు మీరేమి చేస్తారు, చేస్తే ఎంతసేపు తగ్గుతుంది అని అడుగుతారు. ఇది చెయ్యి, అది మానుకో అని సలహాలు కురిపించేవారు మంచి కౌన్సెలర్లు కారు. మందు వ్రాసేవారు సైకియాట్రిస్టు. వారు ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యం చదివినవారు. క్లినికల్ సైకాలజిస్టు మందు వ్రాయరు, మాటతో చికిత్స చేస్తారు. వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. ఆ నమోదు ఉన్నదా అని అడగడం మర్యాదకు లోపం కాదు.

ఆ తల్లికి జరిగిన చికిత్సను కుటుంబం కోరినందున నేను దగ్గరగా చూశాను. మొదట ఒక నోటుపుస్తకం ఇచ్చారు. భయం కలిగిన వేళ, వచ్చిన తలపు, శరీరంలో కలిగిన మార్పు, ఆమె చేసిన పని, దాని వలన కలిగిన ఊరట ఎంతసేపు నిలిచినది, ఇవి అందులో వ్రాయాలి. రెండు వారాలు వ్రాసిన తరువాత ఆమెకే తెలిసింది: కుమారుని గొంతు విన్న ఊరట గంటకంటె ఎక్కువ ఎప్పుడూ నిలవలేదు. అప్పుడు ఫోనులు తగ్గించడం మొదలుపెట్టించారు. ఒక్కసారిగా మాన్పించలేదు. ఆరు నాలుగయినవి, నాలుగు రెండయినవి, చివరకు ప్రతిదినం ఇక్కడ సాయంకాలం, అక్కడ ఉదయం, నియమితమైన ఒకే వేళ. చేయాలనిపించినా చేయకుండా ఉన్న మొదటి దినాలు ఎంత కఠినమో ఆమె నాతో చెప్పారు. భయం పెరుగుతుంది, పెరిగి నిలుస్తుంది, ఏమీ చేయకపోయినా తనంతట తాను తగ్గుతుంది. ఎంతసేపటికి తగ్గినదో ఆమె గడియారం చూసి పుస్తకంలో వ్రాసుకున్నారు. నలభై నిమిషాలని వ్రాసిన దినం ఆ పుటను నాకు చూపించారు. ఆ తల్లి ముఖంలో ఆనాటి వెలుగు నాకు ఇంకా గుర్తున్నది.

త్రాడూ పామూ దృష్టాంతంలో ఇది దీపం పట్టుకొని దగ్గరకు వెళ్ళడం వంటిది. ప్రక్కనున్నవాడు పాము లేదని నూరుసార్లు చెప్పినా తీరని భయం, తాను నాలుగడుగులు వేసి చూసుకుంటే తీరుతుంది. కౌన్సెలర్ ఆ దీపం పట్టుకొని వెంట నడుస్తారు, అడుగు రోగిదే.

సాయంకాలం ఐదు గంటలకు అరగంట ఆందోళన పడడానికే కేటాయించమన్నారు. మిగిలిన వేళలలో భయం వస్తే, “నీకు ఐదు గంటలకు సమయం ఇచ్చాను” అని వాయిదా వేయాలి. ఇది విని మొదట నాకు నవ్వు వచ్చింది, కాని పని చేసింది. ఆ అరగంటా పూజగదిలో కూర్చోవద్దన్నారు. పూజగది భయానికి స్థానం కారాదు. ఊపిరి తీసుకున్నదానికంటె నెమ్మదిగా, దీర్ఘంగా విడవడం నేర్పారు. ఇక్కడ ఒక మాట. ప్రాణాయామం మంచిదని విని గురువు లేకుండా భస్త్రిక, కుంభకం మొదలుపెట్టేవారున్నారు. వడిగా ఊపిరి పీల్చి వదలడం దడ ఉన్నవారికి దడను పెంచవచ్చు. నెమ్మదిగా విడవడమే వీరికి హితం.

తరువాత కౌన్సెలర్ నాకు, ఆమె అనుమతితో, ఫోను చేశారు. ఆమె పవిత్రం గురించి అడిగితే సమాధానం చెప్పవద్దని కోరారు. శాస్త్రం అడిగితే చెప్పకుండా ఊరుకోవడం నావంటివానికి జన్మలో అలవాటు లేని పని. కారణం వివరించారు. నా ప్రతి సమాధానమూ ఆమెకు ఒక ఫోనుకాల్ వంటిదే. గంట ఊరట, మరల మొదలు. కుమార్తెకు, అన్నగారికి కూడా అదే చెప్పారు. అందరమూ ఒకే మాట అనుకున్నాము. ఆమె అడిగితే “అమ్మా, దీనికి సమాధానం మీకు తెలుసు” అని ప్రేమగా అని, వేరే మాటలోకి వెళ్ళడం. రెండుసార్లు నా మీద కోపగించుకున్నారు. మూడవసారి తనే నవ్వి, “మీకు కూడా నేర్పారా?” అన్నారు.

సైకియాట్రిస్టు ఒక మాత్ర వ్రాశారు. ఇటువంటి మందులు వేసుకున్న దినమే గుణం చూపవు. రెండు వారాలనుండి ఆరు వారాల వరకు పట్టవచ్చు. అందువలన పది రోజులకే పనిచేయలేదని మానేయరాదు. నిద్రమాత్రలలో కొన్ని అలవాటుగా మారే గుణం కలవి. వాటిని కొద్దికాలమే ఇస్తారు. ఆందోళనకు దీర్ఘకాలం వాడే మందులలో చాలావాటికి ఆ దోషం లేదు, కాని వాటినీ వైద్యుడు చెప్పినట్లు క్రమంగా తగ్గించాలి, హఠాత్తుగా ఆపరాదు. ఆమె దాదాపు సంవత్సరం వాడారు. మూడు నెలలకు నిద్ర కుదుటపడింది. ఆబ్దికం దగ్గరపడితే ఇప్పటికీ కొంత కలత వస్తుంది, నోటుపుస్తకం తీస్తారు.

“ధైర్యంగా ఉండు” అనడం చికిత్స అనుకునేవారికి గీత రెండవ అధ్యాయం మొదలు ఒకసారి నిదానంగా చదవమని మనవి. స్వామి మొదట ఈ దౌర్బల్యం నీకు తగదు, విడిచి లేవమని గద్దించారు. అర్జునుడు లేవలేదు. మరికొంత శోకం వెళ్ళబోసుకొని, శిష్యుడనని శరణు చొచ్చి, యుద్ధం చేయనని చెప్పి మౌనం వహించాడు. ఆ తరువాతనే అసలు బోధ మొదలయింది, పద్దెనిమిదవ అధ్యాయం దాకా నడిచింది. మధ్యలో అర్జునుడు ఎన్నో ప్రశ్నలు వేశాడు, విరోధం ఉన్నదన్నాడు, అర్థం కాలేదన్నాడు. విసుగు లేకుండా స్వామి చెప్పారు. చివర, విచారించి నీ ఇష్టం వచ్చినట్లు చేయమన్నారు. సాక్షాత్తు భగవంతుడు చెప్పినా ఒక్క గద్దింపుతో తీరని విషాదం, మేనమామ గద్దిస్తే తీరుతుందని ఆశించడం న్యాయం కాదు.

ఇప్పుడు మన ఆచారంలో తరచు చిక్కు వచ్చే ఒక విషయం. దీక్ష తీసుకున్నాము కనుక మందులు మానేశాము అనేవారిని ప్రతి సంవత్సరమూ చూస్తున్నాను. అయ్యప్పదీక్ష 41 దినాలు మాత్రలు మానితే తగ్గిన వ్యాధి తిరగబెట్టడానికి ఆ వ్యవధి చాలు. వ్రతభంగం కలిగించని ఎనిమిదింటిని మన ధర్మశాస్త్రం పట్టిక వేసి చెప్పింది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఎనిమిదవది ఔషధం. ఏకాదశి ఉపవాసంలో మాత్ర వేసుకోవడం దోషం కాదని దీనికంటె స్పష్టంగా ఎవరు చెప్పాలి? రోగులకు, వృద్ధులకు, బాలురకు ఉపవాసంలో సడలింపు కూడా శాస్త్రమే ఇచ్చింది.

మడి విషయం మరింత సున్నితమైనది. శుచి వేరు, చేతులు పుండ్లు పడేదాకా కడుగుకోవడం వేరు. జపసంఖ్య తప్పిందేమోనని మాలను మొదటినుండి పదిసార్లు త్రిప్పేవారు, ఆచమనం సరిగా చేయలేదని సంధ్యావందనం గంటలకొద్దీ చేసేవారు, గడప దాటిన తరువాత దీపం ఆర్పామా లేదా అని పదేపదే వెనుకకు వెళ్ళేవారు ఉన్నారు. చూసేవారు మహానిష్ఠ అని నమస్కరిస్తారు. చేసేవారు లోపల నలిగిపోతుంటారు. దీనిని వైద్యులు ఓసీడీ అంటారు. దీనికి ప్రత్యేకమైన చికిత్స ఉన్నది. ఒకసారి చేసి, మరల చేయాలనే ఒత్తిడిని తాళుకోవడం క్రమంగా అభ్యాసం చేయిస్తారు. ఇది ధర్మవిరుద్ధమని కొందరు భయపడతారు. ప్రతి పూజ చివర మంత్రంలోను, క్రియలోను, భక్తిలోను లోపం ఉన్నా పరిపూర్ణం కావాలని ప్రార్థించే క్షమాపణ ఎందుకు పెట్టారో ఆలోచించండి. లోపం ఉంటుందని పెద్దలకు తెలుసు. లోపం లేకుండా చేయగలిగేవారే పూజ చేయాలంటే భూమి మీద పూజ ఉండదు.

క్షేత్రవాసం వలన మనోవ్యాధి తగ్గుతుందన్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను. తమిళనాడులోని ఒక ముత్తుస్వామి ఆలయంలో కొన్ని వారాలు ఉన్న తీవ్ర మనోరోగులను, 31 మందిని, మానసిక వైద్యులు పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు. రోగలక్షణాలు సుమారు 20 శాతం తగ్గినవి. అక్కడ వారిని కట్టివేయలేదు, కొట్టలేదు. తోడుగా కుటుంబసభ్యులు ఉన్నారు, చేతనైన చిన్న పనులు చేశారు, ఆదరణ లభించింది. అదే రాష్ట్రంలో ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు రేగి, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు మరణించారు. రోగిని గొలుసు వేయమనేవారు, మందు మాన్పించేవారు, ఒక్క కూర్చుబాటులో నయం చేస్తామని సొమ్ము అడిగేవారు ఎంతటి మహిమలు చెప్పినా నమ్మవద్దు.

ఎక్కడికి వెళ్ళాలని అడుగుతారు. హైదరాబాదు ఎర్రగడ్డ పేరు, విశాఖ ఆసుపత్రి పేరు చెబితేనే మనవారు తిట్టుగా భావిస్తారు. ఆ అలవాటు పోవాలి. అంతదూరం పోనక్కరలేదు కూడా. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగం, ఓపీ ఉంటాయి. కదలలేనివారికి, చెప్పుకోవడానికి జంకేవారికి టెలీమానస్ ఉన్నది. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఉచిత ఫోను సేవ, సంఖ్య 14416. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలను గోప్యంగా ఉంచాలి. బీమా సంస్థలు శరీర వ్యాధులతో సమానంగా మనోవ్యాధులకు కూడా బీమా కల్పించాలి. ఇంటిలో ఎవరైనా బ్రతకాలని లేదు అంటే, ఊరికే అంటున్నారని కొట్టిపారేయవద్దు. ఒంటరిగా వదలకుండా, పురుగుమందులు, మాత్రలు అందకుండా చేసి, ఆ దినమే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ముహూర్తం చూడనక్కరలేదు.

వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు మీ నియమాలు దాచకండి. ఏకభుక్తమా, ఉదయం పూజ అయ్యేవరకు ఏమీ తీసుకోరా, ఏ మాసంలో దీక్ష ఉంటుంది, మీరు వాడే ఆయుర్వేద ఔషధాలు ఏవి, అన్నీ చెప్పండి. వేళలు వారు దానికి తగినట్లు అమర్చగలరు.

మన సత్రాలలో ప్రతి గది తలుపు వెనుక నియమావళి కాగితం అంటించి ఉంటుంది. దాని క్రింద 14416 సంఖ్యను పెద్ద అక్షరాలతో అచ్చువేయించమని ట్రస్టు వారిని కోరాను. గదుల నిర్మాణానికి విరాళమిచ్చిన దాతలు తమ పేరు ఉన్న పలకకు ప్రక్కన ఈ సంఖ్య ఉండడానికి అంగీకరిస్తే కార్యాలయంలో తెలియజేయగలరు.